పొలమారితే ఎవరూ తలుచుకోవడం లేదు

సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే సలహాలకి కొదవుండదు. అత్తగారు, పక్కింటి పిన్ని, మందుల షాపతను, బస్సులో పక్కన కూర్చున్నావిడ, అందరూ చెబుతారు. చాలావరకు ప్రేమతోనే చెబుతారు. అయినా వాటిలో కొన్ని బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే వినకూడనివి ముందు చెబుతున్నాను.

“ఈ పిల్లలు ఇంతేనమ్మా, బక్కగానే ఉంటారు.” అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. సీపీకి కారణమైన, మెదడుకి తగిలిన దెబ్బ అక్కడితో ఆగుతుంది, తిండి అందని లోటు మాత్రం రోజురోజుకీ పెరుగుతుంది. నాలుక, పెదాలు, గొంతు కండరాలు పట్టు తప్పడంతో నమలడం, మింగడం కష్టమై బిడ్డ చిక్కిపోతుంది. సీపీ పిల్లల బరువుకి 2011లో వచ్చిన ప్రత్యేక చార్టులున్నాయి నిజమే. కానీ అవి ఈ పిల్లలు ఎలా పెరుగుతున్నారో చూపిస్తాయి, ఎలా పెరగాలో చెప్పవు. చార్టులో అడుగున ఉన్న బిడ్డని చూసి “మామూలే” అని ఎవరన్నా ఒప్పుకోకండి. బిడ్డని ఎత్తుకుని తూకం ఎక్కండి, మీ బరువు తీసేయండి, నెలనెలా రాసిపెట్టుకోండి.

“పడుకోబెట్టి పోస్తే గబగబా దిగుతుంది.” కాళ్లు చాపుకుని, బిడ్డని వాటి మీద వెల్లకిలా వేసుకుని ఉగ్గుగిన్నెతో పోయడం మనకి తరాల నాటి అలవాటు. మింగడం సరిగా రాని బిడ్డకి ఇది చాలా ప్రమాదం. తల వెనక్కి వాలగానే జావ కడుపులోకి పోవాల్సింది పోయి ఊపిరితిత్తుల దారి పడుతుంది. ముక్కు మూసి మింగించడం ఇంకా ఘోరం. ఇక పొలమారినప్పుడు నెత్తిన తట్టి “ఎవరో తలుచుకుంటున్నారు” అంటారే, సీపీ బిడ్డ విషయంలో ఆ మాట పూర్తిగా మానేయండి. తింటున్నప్పుడు తరచుగా పొలమారడం, తిన్నాక గొంతు గురగురమనడం, మాటిమాటికీ నెమ్ము చేయడం, ఇవన్నీ తిండి తప్పుదారిన పోతోందని చెప్పే గుర్తులు. కొందరు పిల్లలకైతే దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండానే లోపలికి పోతుంది.

తినిపించేటప్పుడు బిడ్డని నిటారుగా కూర్చోబెట్టండి. నడుముకి, పాదాలకి ఆనిక ఉండాలి, గడ్డం కాస్త కిందికి వంగాలి. చెంచా ఎదురుగా, బిడ్డ కళ్లకి కనిపించేలా రావాలి. ఒక ముద్ద పూర్తిగా దిగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. నీళ్లలాంటి పల్చటివాటి కన్నా కాస్త చిక్కటివి చాలామందికి సులువుగా దిగుతాయి. ఎంత చిక్కగా అన్నది మాత్రం బిడ్డ మింగడం చూసిన స్పీచ్ థెరపిస్టే చెప్పాలి. ఒక్కో పూటకి అరగంట దాటుతోందంటే ఆలస్యం చేయకుండా చూపించండి. బిడ్డ తినేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్లండి, డాక్టరుకి అది చాలా ఉపయోగపడుతుంది.

“లావెక్కితే ఎత్తుకోలేవు, తగ్గించి పెట్టు.” మంచం మీదే ఉండే బిడ్డకి కేలరీలు తక్కువ సరిపోవచ్చు. ఒళ్లు తనంతట తాను మెలికలు తిరిగే బిడ్డకి ఎక్కువే కావాలి. అయితే కేలరీలు తగ్గినంత మాత్రాన ఇనుము, కాల్షియం, విటమిన్ల అవసరం తగ్గదు. తినేది కొంచెమైనప్పుడు ఆ కొంచెంలోనే అన్నీ ఇమడాలి. పప్పు, మెత్తగా ఉడికిన గుడ్డు, ఆకుకూర కలిపి మెదిపిన అన్నం పెట్టండి. చిక్కిపోయిన బిడ్డకైతే అందులో చెంచా నెయ్యి వేయండి, దాంతోనే 45 కేలరీలు అదనంగా అందుతాయి. అమ్మకి శ్రమ అవుతుందని బిడ్డని పస్తు పెట్టమనడం ఏం న్యాయం? ఎత్తడానికి ఇంకో మనిషి చేయి అందివ్వాలి.

“పాలు తాగుతున్నాడుగా, చాలు.” చాలవు. ఏడాది నుంచి మూడేళ్ల వయసు బిడ్డకి రోజుకి 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. లీటరు ఆవుపాలలో ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలతో కడుపు నిండితే ఇంకేదీ ఎక్కదు. నమలలేడని ఏళ్ల తరబడి పాల మీదే ఉంచిన పిల్లల్లో రక్తహీనత రావడంలో వింతేముంది? ఐరన్ సిరప్ రాసిస్తే పాలతో కలిపి పట్టకండి.

“ఎముకల బలానికి ఒక ఇంజెక్షన్ చేయించు.” దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పిల్లల ఎముకలు పెళుసుబారే మాట వాస్తవం. కాళ్ల మీద బరువు పడదు, ఎండ తగలదు, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ లాంటి ఫిట్స్ మందులు విటమిన్ డిని ఒంట్లో త్వరగా ఖర్చు చేసేస్తాయి. లాగు మార్చేటప్పుడే తొడ ఎముక విరిగిన పిల్లలున్నారు. అలాగని పరీక్ష లేకుండా 6 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్ చేయించేస్తారా? ఏడాది దాటిన బిడ్డకి రోజుకి సిఫారసు చేసేది 600 యూనిట్లు. అంటే వెయ్యి రోజుల మోతాదు ఒక్క సూదితో! ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, నీరసం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతులు, మలబద్ధకం ఈ పిల్లల్లో ముందునుంచీ ఉండేవే కనుక విషమవుతోందని ఎవరూ పసిగట్టరు. రక్తపరీక్ష చేయించి, డాక్టరు రాసిన మోతాదే వేయండి. దీనికి జోడీగా “ఫిట్స్ మందు ఎముకలు తినేస్తుంది, ఆపెయ్” అనే సలహా కూడా వస్తుంది. ఒక్క పూట కూడా సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ తిరగబెడతాయి.

“నీళ్లు తగ్గించు, పక్క తడుపుతాడు.” సీపీ బిడ్డ దాహమని చెప్పలేకపోవచ్చు, చాలామందికి చొంగ రూపంలో నీరు పోతూనే ఉంటుంది. నీళ్లు తగ్గిస్తే మలం గట్టిపడుతుంది, కడుపు ఉబ్బి ఆకలి చస్తుంది.

చివరిది, “కడుపుకి గొట్టం వేయించావంటే ఇక ఆశ వదులుకున్నట్టే.” గ్యాస్ట్రోస్టమీ అనే ఈ ఆపరేషన్ ఆశ వదులుకున్నవాళ్లు చేయించేది కాదు. నోటి ద్వారా చాలినంత అందనప్పుడు తిండి, నీళ్లు, మందులు నేరుగా కడుపులోకి చేర్చే దారి అది. మింగడం క్షేమమని తేలితే నోటితో రుచి చూపించడం మానక్కర్లేదు, అవసరం తీరితే గొట్టం తీసేయవచ్చు కూడా. డాక్టరు ఆ మాట ఎత్తినప్పుడు లేచి వచ్చేయకుండా, ఎందుకు అవసరమో, వేశాక ఇంట్లో ఎలా చూసుకోవాలో, ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చేయాలో కూర్చుని అడగండి.