మోకు పక్క కొక్కెం నాది

నేను నైలాన్ తాడును. కోరుట్ల దగ్గరి ఒక ఊళ్లో, కల్లుగీసే గౌడాయన ఇంట్లో ఉంటాను. నా చుట్టాలంతా కొండలెక్కేవాళ్లు. భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు నమ్ముకున్నది మా జాతి తాళ్లనే. నా వంతుకు తాటిచెట్టు వచ్చింది. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ‘కాటమయ్య రక్షణ కవచం’ పథకం మొదలుపెట్టారు. ఆ కిట్టులో బెల్టుతో, క్లిప్పులతో కలిసి నేనూ ఈ గడప తొక్కాను. గౌడుల దేవుడి పేరు మోసుకొచ్చానని మొదట్లో కాస్త గర్వంగానే ఉండేది. కొక్కేనికి వేలాడే మోకును, చెట్టెక్కే పాత తాడును చూశాక అది తగ్గింది. మోకు ఎక్కడ అరుగుతుందో, ఎప్పుడు మార్చాలో ఈ ఇంట్లో చిన్నపిల్లలకూ తెలుసు. నా సంగతి ఎవరికి తెలుసు?

ఇంటావిడ నన్ను చేత్తో పిసికి చూసి, "జిడ్డు జిడ్డుగున్నది. సర్ఫుల నానబెట్టి బండకేసి నాలుగు దెబ్బలేస్త" అన్నది. నా పోగులన్నీ బిగుసుకున్నాయి. ఆవిడ తప్పేం లేదు, ఈ ఇంట్లో శుభ్రమంటే అదే.

జగిత్యాలలో డిగ్రీ చదివే బిడ్డ అడ్డం పడింది. "అవ్వా, బండ మీద కొట్టద్దు. ఉత్త నీళ్లల్ల రాత్రంత నాననియ్యి."

ఆ రాత్రి టబ్బులో ఏం జరిగిందో చెప్తాను. నా ఒళ్లు రెండు భాగాలు. లోపల బరువు మోసే పోగుల కట్ట, దాని మీద అల్లిన తొడుగు. తయారీలో పూసిన నూనె వల్ల కొత్తలో తొడుగు లోపలి కట్ట మీద జారుతుంటుంది. నీళ్లలో నానితే ఆ నూనె కొంత వదులుతుంది. అల్లిక దగ్గరికొచ్చి తొడుగు కట్టను గట్టిగా పట్టుకుంటుంది. పొడవూ కొంత తగ్గుతుంది. అందుకే గుహల్లోకి దిగేవాళ్లు కొత్త తాడును ముందు తడిపి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలిచి కోస్తారు. కొలిచాక తడిపితే చివర్లో ఆ మూరెడు ఎక్కడ నుంచి తెస్తారు?

మర్నాడు సిరిసిల్ల నుంచి ఇంటావిడ తమ్ముడు వచ్చాడు. సాంచాలు నడిపే మనిషి, రోజంతా పాలిస్టర్ నూలుతోనే బతుకు. నన్ను వేళ్ల మధ్య నలిపి, "బావా, ఇది మా నూలు లెక్క కాదు. నైలాన్ నీళ్లు తాగుతది. తడిమీద బలం తగ్గుతది, ఆరినంక మళ్లొస్తది" అన్నాడు.

"వానకు తడిస్తే?"

"ఆరేదాంక చెట్టెక్కకు బావా."

ఆరబెట్టడం దగ్గర మళ్లీ పేచీ. ఇంటావిడ నన్ను డాబా మీదికి తీసుకుపోబోయింది. మే నెల జగిత్యాల ఎండలో మిరపకాయలు బాగా ఎండుతాయి, నేను మాత్రం పాడైపోతాను. ఎండ నైలాన్‌ను పైకి కనబడకుండా తినేస్తుంది. చివరికి నన్ను పందిరి కింద నీడలో, గాలికి వదులుగా వేశారు. పొడిగా అయ్యాక చుట్టచుట్టి ఇన్వర్టర్ పక్కన పెట్టారు. ఎండకన్నా ఘోరం అది! బ్యాటరీ యాసిడ్ చుక్క పడితే, ఆవిరి తగిలినా సరే, నా పోగులు కుళ్లిపోతాయి, పైన మరక కూడా ఉండకపోవచ్చు. బిడ్డే చూసి మోకు పక్కన కొక్కెం కొట్టించింది.

ఇప్పుడు నాకు రోజూ అంటేది కల్లు. లొట్టి దించేటప్పుడు నాలుగు చుక్కలు నామీద చిందుతాయి. తీపి పోయి పులుపెక్కేదాకా వదిలేయకూడదు, ఆ రోజే కడగాలి. జిగటకు చెట్టు మొదట్లోని ఇసుక అతుక్కుంటుంది. ఆ ఇసుక తొడుగు సందుల్లోంచి లోపలికి దూరి, బరువు పడ్డప్పుడల్లా పోగుల్ని కోస్తుంది. నన్నడిగితే మురికి తాడు అందవిహీనం కాదు, ప్రమాదం. ఒకసారి ఆయన కాకతీయ కాలువలో జాడిస్తానన్నాడు. ఆ ఒండ్రు నీళ్లలో ముంచితే ఇసుక పోవడం అటుంచి, ఇంకాస్త చేరుతుంది. బోరు నీళ్లే మేలు. బ్లీచింగ్ లేని మెత్తటి సబ్బు కొంచెం, వేడి అసలొద్దు, నీళ్లు తేటపడేదాకా చేత్తో పిసికి జాడించడం, అంతే.

ఆయన మొదట్లో నాకు చేసే పనుల్ని "పెండ్లికొడుకు మర్యాదలు" అని నవ్వేవాడు. ఇప్పుడు కడిగిన ప్రతిసారీ వెలుతురులో కూర్చుని నన్ను బొటనవేలి కిందుగా ఆ చివర నుంచి ఈ చివరదాకా జరుపుతాడు. గీత కత్తి పదును వేలితో చూసే మనిషి, ఆ వేలికి దొరకని లోపం ఉండదు. ఒకచోట మెత్తబడిందా, చదునుగా అణిగిందా, ఉబ్బిందా, తొడుగు చిరిగి లోపలి తెల్లకట్ట కనబడుతోందా అని వెతుకుతాడు. మనిషి కింద పడబోతే ఆపిన తాడును మళ్లీ నమ్మొద్దని బిడ్డ ఆయనకు గట్టిగానే చెప్పింది.

ఇంటావిడకు నామీద వేరే లెక్క ఉంది. "దీని పనైపోయినంక బర్రెను కట్టేయొచ్చు" అంటుంది. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ముందు ముక్కలుగా కోయాలి. నిడుపుగా వదిలేస్తే ఏదో ఒక పొద్దున ఎవరో ఒకరు నన్ను నడుముకు తగిలించుకుని చెట్టెక్కుతారు.