బటనోపాఖ్యానం

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు కావాలన్నారు లాక్షణికులు. పురం, చంద్రోదయం, మంత్రాలోచన, జూదం, విరహం, యుద్ధం వగైరా. ఉయ్యూరులో ఒక మేడమీది గదిలో, ఒక బటన్ రంగు మారిన కథలో అవి చాలామటుకు దొరుకుతాయి. పుత్రోదయం మాత్రం లేదు. దానికి సెలవు మంజూరు కావాలి.

ముందు పురవర్ణన. బెజవాడకూ బందరుకూ నడుమ, పుల్లేరు కాలువను కంఠహారంగా ధరించి, పంచదార ఫ్యాక్టరీ పొగగొట్టమే గాలిగోపురంగా వెలుగొందు పట్టణమది. క్రషింగ్ సీజనులో చెరుకు ట్రాక్టర్లు గజసేనలై కదలగా, వాటి వెనక చిక్కిన బందరు బస్సుల హారన్లే శంఖారావాలు. గాలినిండా మొలాసిస్ పరిమళం. పరిమళమనడం కవిసమయం. అట్టి పురమున ఇన్వర్టరు కవచంగా, వైఫై రౌటరు ఇలవేల్పుగా ఒక వీరుడు లాప్‌టాప్ ధరించి వసించును. అతనికి జీతం హైదరాబాదు నుంచి, ఆజ్ఞలు అమెరికా నుంచి, ఇడ్లీలు కింద వంటింట్లోంచి వచ్చును.

సాఫ్ట్‌వేర్ పనిలో అతని మతానికి మూలపురుషులు పదిహేడుగురు. నైమిశారణ్యంలో శౌనకాది మునులు కూడినట్లు, 2001 ఫిబ్రవరి 11 నుంచి 13 దాకా వారు యూటా రాష్ట్రపు స్నోబర్డ్ మంచుకొండల్లో కూడారు. ఏళ్లకేళ్లు పత్రాలు రాసి, చివరికి ఎవరికీ పనికిరాని సాఫ్ట్‌వేర్ అప్పజెప్పే తంతుతో విసిగినవారు. కాగితాల కట్టకన్నా నడిచే ప్రోగ్రాము మిన్న, వేసుకున్న పథకాన్ని పట్టుకు వేలాడటంకన్నా మార్పుకు తగ్గట్టు మసలడం మిన్న, ఇలా నాలుగు మహావాక్యాలు పలికారు. వాటికి పన్నెండు సూత్రాలూ తోడయ్యాయి. మాఘ శుద్ధ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు సాగే వీరమ్మ తల్లి తిరునాళ్లు సరిగ్గా అప్పుడే ఇక్కడ ఉయ్యూరులో జరుగుతున్నాయి. భూగోళానికి అవతల కొత్త వేదం పుడుతోందని ఊళ్లో ఎవరికీ తెలియదు. మునులు చెప్పింది కొంచెమే, తంతంతా శిష్యులు పెంచిందేనని నా అనుమానం.

ఆ పదిహేడుగురిలోనివారైన కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లోనే స్క్రమ్ పద్ధతిని సభాముఖంగా వెల్లడించి ఉన్నారు. ఆ స్మృతి ప్రకారం నిత్యసభ పదిహేను నిమిషాలు మించరాదు. అందరూ నిలబడే మాట్లాడటం ఆచారమైంది, కాళ్లు పీకితే మాటలు తగ్గుతాయని. మన వీరుడు పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ ధరించి, కెమెరా ఆపి, దిండుకానుకొని సభలో నిలబడును.

“నిన్న ఏం చేశావు?”

“బటన్ చూశాను.”

“ఇవాళ?”

“బటన్ చూస్తాను. అడ్డంకులేం లేవు.”

కిందనుంచి ఆకాశవాణి: “అరగంట నుంచీ పదిహేను నిమిషాలే అంటున్నావు. చట్నీ పుల్లబడిపోద్ది, రారా!”

ఇక ద్యూతపర్వం. ఏ పని ఎంత బరువో పేకముక్కలతో తేల్చే ఈ జూదాన్ని జేమ్స్ గ్రెనింగ్ 2002లో ప్రవేశపెట్టాడు. ఒకరి అంకె చూసి ఇంకొకరు వంతపాడకుండా అందరూ ఒక్కసారే ముక్క ఎత్తాలి. ముక్కల మీద 1, 2, 3, 5, 8, 13. ఈ వరస మన ఛందస్సుకు పాత చుట్టం. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు కదా, నాలుగు మాత్రలను అయిదు విధాల అమర్చవచ్చు. అవే కందం రాసినవాళ్లంతా తిప్పలుపడ్డ గగ, భ, జ, స, నల. అయిదు మాత్రలకు ఎనిమిది, ఆరింటికి పదమూడు. విరహాంకుడూ, 1150 ప్రాంతాల హేమచంద్రుడూ కట్టిన ఈ లెక్కనే ఇటలీ ఫిబొనాచీ 1202లో కుందేళ్ల సంతతితో చెప్పాడు. జన్మలో కందం రాయని మన వీరుడు కందంలోని అంకెలతోనే జీతం తెచ్చుకుంటున్నాడు.

వీరుడు మూడు ఎత్తెను. ఆర్కిటెక్టు పదమూడు ఎత్తెను. దిక్కులు దద్దరిల్లెను. నీలం బటను పచ్చనైనచో రంగు తెలియనివారి గతేమి, రాత్రివేళ నల్లతెర మీద దాని కాంతియేమి, ఇట్లు నలభై నిమిషాలు వాక్శరాలు కురిసి, ఎవరికీ నచ్చని అయిదు దగ్గర సంధి కుదిరెను.

సాయంత్రం నాన్న వాకబు.

“అయిదు పాయింట్లంటే ఎన్ని రోజుల్రా?”

“రోజులు కాదు నాన్నా, పాయింట్లు.”

“మరి పనెప్పుడవుద్ది?”

“రెండు వారాల స్ప్రింటులో. కాకపోతే వచ్చే స్ప్రింటుకు జరుపుతాం.”

నాన్న జేబులో ఫ్యాక్టరీవారి కటింగ్ ఆర్డరుంది. కోసిన చెరుకు ఎండలో పడుంటే గంటగంటకూ బరువు తగ్గుద్ది, తీపి తగ్గుద్ది. కూలీలు రాకపోతే ఇంకో ముఠా, ట్రాక్టరు చెడితే పక్కూరి ట్రాక్టరు. నాలుగు ఫోన్లలో తేల్చేసి లేచాడు. అంతసేపూ నిలబడే మాట్లాడాడు.

విరహవర్ణన క్లుప్తం: కరెంటు పోయె, ఇన్వర్టరు కూసె, ఆనక నెట్టు పోయె. ఫోను హాట్‌స్పాట్ చేతబట్టి, చంద్రోదయవేళ వీరుడు డాబా ఎక్కి సిగ్నలును వెతికెను. పన్నెండో నాటి రాత్రి ఒకే ఒక్క వరుస మార్చి బటనును పచ్చజేసెను. టికెట్టు “అయినవి” గడిలోకి జరిగెను. చాటింగులో చప్పట్ల బొమ్మలు పుష్పవృష్టిగా రాలెను.

డెమోలో క్లయింటు చాలాసేపు చూసి, పాత నీలమే బాగుందనెను. చివరిలో వచ్చిన మార్పునైనా స్వాగతించవలెనని రెండో సూత్రం. వీరుడు స్వాగతించి కొత్త టికెట్టు తెరిచెను. మళ్లీ ముక్కలు పంచిరి. పాత రంగు తిరిగి పెట్టడానికి వీరుడు ఒకటి ఎత్తెను, ఆర్కిటెక్టు గొంతు సవరించుకొని ఎనిమిది ఎత్తెను.