బరంపురంలో కన్యాశుల్కం ఆడబోయేవారికి తలకిందుల సలహాలు

నాటకాన్ని కుదించకండి. రెండు మూడు గంటల్లో ముగిసే కన్యాశుల్కం ప్రతులున్నాయి, వాటితో గొప్ప పేరు తెచ్చుకున్న నటులూ ఉన్నారు. మీరు మాత్రం 1909 నాటి రెండో కూర్పు చేతబట్టి ఏడంకాలూ ఆడండి. రెండు రాత్రులు పడితే పట్టనివ్వండి. జనం కూర్చోరని మీ సమాజం పెద్దలు భయపెడతారు. అలా అన్నవారిని గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకానికి తీసుకెళ్లండి. రాత్రి మొదలైతే తెల్లారేదాకా నడుస్తుంది. మెట్లు మెట్లుగా పలకలు పేర్చిన ఎత్తు వేదిక మీద హిరణ్యకశిపుడు అడుగేస్తుంటే గాహకుడు పాట అందుకుంటాడు, మద్దెల ఆ అడుగును పట్టుకుంటుంది. నరసింహుడి ముఖానికి పూజ చేసి గానీ తొడగరు. తొడుక్కున్న మనిషికి ఆవేశం వచ్చిందంటే పక్కవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిందే. ఆ క్షణం కోసమే జనం రాత్రంతా మేలుకుంటారు. పైగా ఈ నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరున ఉన్నది. ఆ జలంతరకోట ఇవాళ మన శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అక్కడి రాజు పేరున ఉన్న ఒడియా నాటకాన్ని గంజాం రైతులు రాత్రంతా చూస్తుంటే, విజయనగరంలో పుట్టిన నాటకాన్ని బరంపురం తెలుగువాళ్లు ఎందుకు చూడరు?

ఉచ్చారణ దిద్దకండి. ఈ విషయంలో నాకు చాలా పట్టుదల. బరంపురం కుర్రాడు గిరీశం వేషం కడితే మాటలో ఒడియా యాస తొంగిచూస్తుంది. వెంటనే ఎవరో ఒకరు టీవీ తెలుగు నేర్పబోతారు. ఆయన్ని రిహార్సల్‌కు రానివ్వకండి. ఈ నాటకం రాసిన గురజాడ చెవికి సోకింది విజయనగరం తెలుగు, అది కృష్ణా తీరం తెలుగు కాదు. ఆ వాడుక మాట కోసం పంతం పట్టిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, బరంపురం ఒకే జిల్లా కింద ఉండేవి. మీ ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే తెలుగు ఈ నాటకానికి దగ్గరి చుట్టం. లుబ్ధావధాన్లు పోర్షన్ ఆవిడ చేత ఒకసారి చదివించి వినండి, ఎక్కడ ఆగాలో ఎక్కడ విసుక్కోవాలో మీకే తెలుస్తుంది.

నటన నేర్చినవాళ్ల కోసం వెతక్కండి. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి జాతర వస్తుంది కదా, మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి ఊరంతా తిరుగుతారు. అమ్మవారి సేవలో ముందుండేది మన దేవాంగుల కుటుంబాలే. వీధి మధ్యలో వందల కళ్ల ముందు వేషంలో నిలబడ్డ పిల్లవాడికి స్టేజీ భయం ఏముంటుంది? ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లను పెళ్లాడే మహేశం పాత్రకు అలాంటివాడినే తీసుకోండి. మధురవాణికి మాత్రం ఆడమనిషే కావాలి. చివరి అంకంలో ఆమె మగవేషంలో సౌజన్యారావు పంతులు ఎదుటికి వెళ్తుంది. ఆ పాత్రను మగవాడు వేస్తే ఆ మారువేషంలో సగం బలం పోతుంది.

నాటక పరిషత్తు పోటీలకు వెళ్లకండి. గంటలో ముగించే నాటికలకు అది చోటు. మీ దారి వేరు.

ఒడియా పొరుగువారిని తప్పక పిలవండి, కానీ కథాసారాంశం అచ్చువేసి పంచకండి. ముసలివాడికి పసిపిల్లనిచ్చి డబ్బు పుచ్చుకోవడం వాళ్లకు అర్థం కాని సంగతేమీ కాదు. కాగితం చేతిలో ఉంటే కళ్లు కాగితం మీదే ఉంటాయి.

ప్రాంప్టర్ వద్దు. సైడ్ కర్టెన్ వెనక మనిషి ఉన్నాడని తెలిస్తే ఎవరూ పోర్షన్ పూర్తిగా పట్టరు. పైగా ఏడంకాలకు అందిస్తూ పోతే రెండో రాత్రికి ఆయన గొంతు మిగలదు. నటులందరికీ అందరి పోర్షన్లూ వచ్చేదాకా రిహార్సల్స్ నడపండి. ఒకరు తడబడితే ఎదుటివాడు అందుకుంటాడు. దీనికి ఏడాది పడుతుంది. హాలు బుక్ చేయడం ఆ తర్వాత సంగతి.