మేటి బుధుని మెట్లపాటు: టీకా తాత్పర్య సహితము

ఆ.వె. ప్రొద్దుపోయి లేచి పూరీలు పోగొట్టి
చాయి బన్ను తోడ జాము గడపి
రాత్రి రెండు దాక రాజిల్లి ఫోనుతో
మెట్ల నెక్కలేడు మేటి బుధుడు

అవతారిక: హైదరాబాదు తార్నాకలో, విద్యార్థుల వసతిగృహములకు నడచిపోదగినంత దూరమున, 1918లో కూనూరున అంకురించి 1958లో ఈ నగరమునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దేశమునకెల్ల ఏమి తినవలెనో బోధించుచున్నను, ఆ ఇరుగుననే కాపురమున్న పడుచువారు నిజముగా ఏమి తినుచున్నారో చెప్పుటకు ఒక కవి పుట్టవలసివచ్చెను. ఆయన మెట్ల నడుమ నిలిచి, ఆయాసము తీర్చుకొనుచు ఈ ఆటవెలదిని చెప్పెనని పూర్వవ్యాఖ్యాతల మతము; పాదపాదమునకును ఊపిరి తీసికొన్నట్లుండుటయే ఇందుకు ప్రమాణము.

ప్రతిపదార్థము: ప్రొద్దుపోయి లేచి = మెస్సు తలుపులు మూసిన పిదప మేల్కొని; పూరీలు పోగొట్టి = నెలమొదటనే రుసుము చెల్లించిన అల్పాహారమును చేజార్చుకొని; చాయి బన్ను తోడ = క్యాంటీనులో ఖాతామీద తెచ్చుకొన్న చాయితోను, మైదాపిండి బన్నుతోను; జాము గడపి = మూడు గంటలు నెట్టుకొనివచ్చి; రాత్రి రెండు దాక = ఒకటిన్నరకే పడుకొందునని ప్రతిజ్ఞ చేసిన పిమ్మటను; ఫోనుతో రాజిల్లి = తెర వెలుగు మొగమున పడగా ప్రకాశించి; మేటి బుధుడు = ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువు విద్వాంసుడు; మెట్లన్ = లిఫ్టు చెడిన దినమున మూడంతస్తుల సోపానములను; ఎక్కలేడు = నడుమ నిలువక ఎక్కజాలడు.

తాత్పర్యము: విద్యయందు మేటియైన యువకుడొకడు ఆలస్యముగా మేల్కాంచి, డబ్బు చెల్లించిన ఆహారమును వదలుకొని, మరల డబ్బు చెల్లించి అంతకంటె తక్కువదానిని కొనుక్కొని, అర్ధరాత్రి దాటువరకు విరాజిల్లి, తుదకు తన గదికి చేర్చు మెట్లచేతనే పరాజితుడయ్యెనని భావము.

విశేషములు: "పూరీలు" అనుచోట "ఇడ్లీలు" అని కొందరి పాఠము. నూనెలో వేగిన పూరీని కోల్పోవుట నష్టమెట్లగును, ఆవిరిమీద ఉడికిన ఇడ్లీయే పథ్యము కదా యని వారి వాదము. ఈ పాఠము వైద్యమునకు మేలు, గణములును సరిపోవును. కాని "ప్రొ"కు "ఇ"తో యతి చెల్లదు కావున త్యాజ్యము. పూరీని ఇట ఉపలక్షణముగా గ్రహింపవలెను. ఉప్మాయు, ఇడ్లీయు, 100 గ్రాములకు దాదాపు 23 గ్రాముల మాంసకృత్తులుగల పెసలతో పోసిన పెసరట్టును ఆ మాటలోనే అడగియున్నవి.

భోజనమునకు గంట ముందును, గంట వెనుకను తేనీరు కూడదని పైసంస్థవారు 2024లో వెలువరించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. అందలి టానినులు అన్నములోని ఇనుమును పట్టి ఒంటబట్టనీయవు. కావున చాయితో గడపిన జాము మధ్యాహ్నపు తోటకూరపప్పు సారమును గూడ తగ్గించునని కవిహృదయము.

శంక: వ్యాయామమును అర్ధశక్తితోనే చేయవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను, మన బుధుడు సగము మెట్లలో నిలుచుట శాస్త్రసమ్మతమే కదా? సమాధానము: శక్తి యున్నవానికే అందులో సగము. వారమునకు కనీసము 150 నిమిషముల చురుకైన నడకవంటి శ్రమ పెద్దలకు ఆవశ్యకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, వీని ఖాతాలో చేరునది క్యాంటీనునకు పోయివచ్చుట మాత్రమే.

అలంకారము: కారణమాల. మూడవ పాదమునందున్న రాత్రి అన్వయమున మొదటికి రావలెను. రెండుదాక మేల్కొనుటవలన ఆలస్యము, ఆలస్యమువలన మెస్సు మూత, మూతవలన బన్ను, బన్నువలన నిస్సత్తువ. బుధునికి పోషకాహారజ్ఞానము లేక కాదు, విటమినుల పేర్లన్నియు వరుసగా అప్పగింపగలడు. ధనము లేక కాదు, మెస్సు రుసుము ముందే కట్టెను. వానికి లేనిది పదునొకండు గంటలకు నిద్ర. పండ్లు తినుము, పరుగెత్తుము అని వాని గోడమీద ఎన్ని నీతులంటించినను అవి కార్యమునకు చికిత్సలే గాని కారణమునకు గావు. ఫోనును మంచమునకు దూరముగా ఛార్జింగునకు పెట్టినచో తెల్లవారుజామున మెలకువయు, ఆ మెలకువతో మైదానమున నాలుగు చుట్లును, ఆ చుట్లతో ఆకలియు, ఆకలి వేళకు వేడి ఇడ్లీయు ఒకదానివెంట నొకటి తామే వచ్చును. "మేటి బుధుడు" అనుచోట వ్యాజస్తుతి.

ఫలశ్రుతి: ఈ పద్యమును టీకతోగూడ పగలు పఠించువారికి ఆరోగ్యమును, మెస్సు రుసుమునకు తగిన ప్రతిఫలమును కలుగును. రాత్రి రెండు గంటలకు ఫోనులో పఠించువారికి ఏ ఫలమును లేదు.