సెక్షన్ మార్చండి

అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు వచ్చాక నేనే ఆయన్ని స్కూలుకి రమ్మన్నాను. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల వ్యాపారం ఆయనది. కూర్చుంటూనే అన్నారు: "మేడమ్, మావాణ్ణి బి సెక్షన్‌కి మార్చేయండి. ఆ ముగ్గురి పక్కన ఉన్నంతకాలం వాడు బాగుపడడు."

ఆ ముగ్గురెవరో నాకు తెలుసు. ఆరో తరగతి నుంచి నలుగురిదీ ఒకే బెంచీ. ఫోన్లో బీజీఎంఐ ఆడితే నలుగురిదీ ఒకే స్క్వాడ్. "నువ్వు రివైవ్ చెయ్యలేదు, అందుకే పోయాం" అని ఇంటర్వెల్లో ఒకళ్ల మీద ఒకళ్లు పడి పోట్లాడుకునేవాళ్లు. దసరా సెలవులకు ముందే ఆ గోలలో వీడి గొంతు వినపడటం మానేసింది. మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేస్తున్నాడు. లెక్క సగంలో వదిలి మార్జిన్లో గీతలు గీస్తున్నాడు. లంచ్ బాక్సు మూత కూడా తీయడంలేదని ఆయా చెప్పింది.

"రాత్రి ఎన్నింటిదాకా ఆడుతున్నాడండీ?"

"కొట్టు కట్టేసి నేనొచ్చేసరికి పదకొండవుతుంది. తలుపేసుకుని ఉంటాడు. చదువుకుంటున్నాడనుకున్నాం. మొన్న మంచినీళ్లకి లేస్తే మూడు గంటలప్పుడు దుప్పట్లో వెలుగు! రెండు తగిలించి ఫోన్ లాక్కున్నా. వాడు అన్నం మానేశాడు. వాళ్లమ్మ తట్టుకోలేక మళ్లీ ఇచ్చేసింది."

"పద్దెనిమిది నిండని పిల్లలకి ఆ ఆటలో రోజుకు మూడు గంటలే పరిమితి. పెద్దవాళ్ల అనుమతి కూడా ఉండాలి."

"ఏదో ఓటీపీ వచ్చింది చెప్పు నాన్నా అన్నాడు. కొట్లో జనం ఉన్నారు. చెప్పేశా."

మేం మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఫోన్ టింగుమంటూనే ఉంది. మోగినప్పుడల్లా ఆయన మాట ఆపకుండానే ఒక నొక్కు నొక్కి, ఫోన్ బోర్లా పెట్టేవారు. నేను చూడటం గమనించి, "ఆర్డర్లు మేడమ్. చూశామని తెలియాలి కదా, లేకపోతే పార్టీ పక్క కొట్టుకి పోతాడు" అన్నారు.

నాకు తెలిసింది చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. అయితే ఎన్ని గంటలు ఆడాడన్నది ఒక్కటే చూసి దాన్ని తేల్చరు. ఆట ఆపుకోలేకపోవడం, తిండీ చదువూ స్నేహాలూ దాని వెనక్కి పోవడం, నష్టం కళ్లముందే కనిపిస్తున్నా మానలేకపోవడం చూస్తారు. మామూలుగా ఇవి ఏడాదిపాటు సాగితే ఆ పేరు పెడతారు. వీడింకా అంతదూరం పోలేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. మనం ముందు ఊళ్లోనే ఒక సైకాలజిస్టుకి చూపిద్దాం అన్నాను.

"అవన్నీ తర్వాత. ముందు ఆ ముగ్గురినుంచి విడదీయండి."

నా ఇన్నేళ్ల ఉద్యోగంలో, స్నేహితులతో కలిసి ఆడే పిల్లల గురించి నేనెప్పుడూ అంతగా కంగారుపడలేదు. స్నేహితుల్ని వదిలేసి ఆడేవాణ్ణి చూస్తేనే గుండె జారుతుంది. ఆ ముగ్గురూ ఆడతారు, మార్కులు మాత్రం తగ్గలేదు. ఒకడి అమ్మమ్మ పది కొట్టగానే వైఫై స్విచ్ ఆపి, మనవడి పక్కనే పడుకుంటుంది. వాళ్లని దూరం చేస్తే వీడికి మిగిలేది ఆ తెర ఒక్కటే. ఆ మాటే అంటే ఆయనకి కోపం వచ్చింది.

"మీకు తెలీదు మేడమ్. వాళ్లలో లీడర్ ఒకడున్నాడు, వాడి నంబర్ మా ఆవిడనడిగి తెచ్చా. మీ ముందే వార్నింగ్ ఇస్తా, చూడండి" అంటూ వాట్సాప్ తెరిచి, చీటీలో ఉన్న నంబర్ కొట్టారు.

కొట్టినవారు అలాగే ఉండిపోయారు. ఏమైందని అడిగితే ఫోన్ నా చేతిలో పెట్టారు. ఆ నంబర్ నుంచి అప్పటికే ఒక మెసేజ్ ఉంది. తేదీ సెప్టెంబరు 9.

"అంకుల్, వాడు రాత్రి రెండింటిదాకా ఎవరో తెలియనివాళ్లతో ఆడుతున్నాడు. మేం పదింటికే ఆపేస్తాం. వద్దురా అంటే మమ్మల్ని స్క్వాడ్‌లోంచి తీసేశాడు. మాతో మాట్లాడట్లేదు. మాకు భయంగా ఉంది. మీరొకసారి వాడితో మాట్లాడండి, ప్లీజ్. మేం చెప్పామని అనకండి."

దాని కింద, అదే నిమిషంలో, ఆయన పంపిన జవాబు: పైకెత్తిన బొటనవేలు.