కెర్నెలు ఎరుగని గట్టు: ఒక దోషవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: రీ-రీడింగ్ ద పార్టిషన్ టేబుల్ ఫెయిల్డ్: డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ.

అవతారిక: లినక్సు యంత్రంలో ఎఫ్‌డిస్క్ అనే సాధనంతో డిస్కు విభాగాల హద్దులు మార్చి, చివర ‘డబ్ల్యూ’ అనే ఏకాక్షర మంత్రాన్ని జపించిన సాధకునికి ఫలానికి బదులు ప్రత్యక్షమయ్యే వాక్యమిది.

ప్రతిపదార్థం: పార్టిషన్ టేబుల్ = ఏ విభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలుపు పట్టికను (పాత ఎంబీఆర్ పద్ధతిలో ఇది 512 బైట్ల తొలి సెక్టారులో 64 బైట్లే ఆక్రమించి, 16 బైట్ల చొప్పున నాలుగు పద్దులకు చోటిచ్చును); రీ-రీడింగ్ = కెర్నెలు, అనగా యంత్రమును నడుపు మూల ప్రోగ్రాము, మరల చదువుట; ఫెయిల్డ్ = విఫలమాయెను; డివైస్ = పరికరము; ఆర్ = లేక; రిసోర్స్ = వనరు; బిజీ = వాడుకలోనున్నది. ‘ఆర్’ అనుచోట సందేహాలంకారమని భ్రమపడరాదు. ఏ సందర్భానికైనా సరిపడునట్లు కూర్చిన సామాన్య వాక్యమగుటయే దానికి కారణం.

తాత్పర్యం: డిస్కు మీద పట్టిక మారినది, అయితే ఏదో ఒక విభాగం మౌంట్ అయి, అనగా ఫైళ్లు అందుబాటులో ఉండేలా వ్యవస్థకు తగిలించబడి ఉన్నందున, కెర్నెలు తన జ్ఞాపకంలోని పాత పట్టికనే నమ్ముకొని ఉన్నది. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, శ్రీహరికోటలు తిరుపతి జిల్లాలో చేరినా, ‘నెల్లూరు జిల్లా శ్రీహరికోట’ అన్న మాట నోటికి అలవాటుగా వస్తూనే ఉండటం ఇందుకు దృష్టాంతం. నాడు అక్కడి పులికాటు సరస్సు ఒడ్డున ఇల్లు గాని పడవ గాని కదలలేదు, కదిలినది పట్టికే. అలాగే హద్దు మార్చినంత మాత్రాన డిస్కులోని సమాచారం చోటు మారదు.

పూర్వపక్షం: రాత పడలేదు గనుక మళ్లీ రాయవలెనని కొందరు.

సిద్ధాంతం: అది పొరపాటు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే ఆదేశం చూపేది కెర్నెలు జ్ఞాపకాన్ని, ఎఫ్‌డిస్క్ జాబితా చూపేది డిస్కు మీది రాతను. రెండూ పొసగనప్పుడు విభాగాన్ని అన్‌మౌంట్ చేసి, లేదా అది స్వాప్, అనగా జ్ఞాపకానికి ఆసరాగా వాడు విభాగం, అయితే స్వాప్‌ఆఫ్‌తో విడిపించి, పార్ట్‌ప్రోబ్ ఆదేశంతో కొత్త పట్టికను కెర్నెలుకు వినిపించవలెను. వ్యవస్థ నడుస్తున్న మూల విభాగమే అడ్డమైనచోట సాధారణంగా రీబూటే శరణ్యం.

విశేషం: విభాగం పెరిగినా అందులోని ఫైల్‌సిస్టం, అనగా ఫైళ్లను అమర్చు ఏర్పాటు, తనంతట తాను పెరగదు. గట్టు జరిపితే నాటు పడదు గదా. ఆ ఫైల్‌సిస్టం ఈఎక్స్‌టీ4 రకమైతే రీసైజ్‌2ఎఫ్‌ఎస్ ఆదేశం ప్రయోగించవలెను. ఇక ‘బిజీ’ అన్న పదంలో ధ్వనించేది కెర్నెలు మొండితనం కాదు, భోజనం చేస్తున్నవాని ముందునుంచి విస్తరి లాగరాదన్న మర్యాద.