గోదావరిఖని సందేశము: క్యాప్‌ల్యాంప్ వ్యాఖ్యాసహితము

అవతారిక

మెదకు సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాట ఇవ్వగలడు గాని రెండోది ఇవ్వలేడు. దసరా సెలవుల్లో పని లేక కూర్చున్నవాడు అక్కర లేనిది చెప్పక ఇంకేం చెప్తాడు? ఈ వ్యాఖ్య పేరు క్యాప్‌ల్యాంప్. టోపీ ఎటు తిరిగితే అటే వెలుగు. తక్కిన దిక్కుల్లో ఏమున్నదని అడగరాదు.

మూలము

"లాభాలు దసరాకు ముందే పడ్తయట. సద్దులనాటికి రాండ్రి. గాంధీ జయంతి గలిసింది, యాట ముందుగాల్నే మాట్లాడిన. నాకు సెకండ్ షిఫ్ట్, బస్టాండుకు తమ్ముడొస్తడు. జమ్మి తెల్లారి ఎల్లంపల్లికి పోదాం. డబ్బలు తెమ్మన్నది మీ అమ్మ."

కర్తృకాలాదులు

2025 సెప్టెంబరు చివరి వారంలో గోదావరిఖని నుంచి కూకట్‌పల్లికి, తండ్రి నుంచి పెద్దకొడుకుకు పోయిన సందేశమిది. కర్త సింగరేణిలో సపోర్ట్‌మెన్, అనగా బాయిలో పైకప్పు కూలకుండా బోల్టులు కొట్టేవాడు. సింగరేణిలో దిగుట రెండు విధాలు: షిఫ్టుకు బాయిలోకి దిగుట, అరవై ఒకటో ఏట సర్వీసు నుంచి దిగుట. మొదటిది ఈయనకు ఇంకా కొన్నేళ్లున్నది.

వాక్యాల పొట్టితనం చూసి కవికి మాటలు కరువనుకోవద్దు. అగ్గిపెట్టె, బీడీ, ఫోను మూడూ బాయిలోకి పోరానివి. మీథేన్ గ్యాసుకు ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి మూడు గంటల షిఫ్టుకు ల్యాంప్‌రూం ముందు నిలబడి, ఒక చేత్తో టోపీ పట్టుకొని, ఇంకో చేతి బొటనవేలితో కొట్టిన రచన ఇది. ఇంత తొందరలో మేఘసందేశం రాయవలసి వస్తే కాళిదాసు కూడా ఆరు వాక్యాల్లో ముగించేవాడు. అక్కడ కొలువులో తప్పు చేసి శాపం తగిలినవాడు సందేశం పంపాడు. ఇక్కడ కొలువు దొరికి ఇల్లు విడిచినవానికి సందేశం వచ్చింది. ఇద్దరికీ విముక్తి శరత్తులోనే.

శరత్తును వర్ణించేటప్పుడు తెల్లదనం చెప్పాలని కవిసమయం: వెన్నెల, రెల్లు, హంసలు, తేరిన నీళ్లు. గోదావరి ఒడ్డున రెల్లు నిజంగానే పూస్తుంది. హంసల సంగతి ఎవరూ చెప్పలేదు. తీగ మీద ఆరేసిన తెల్లంగీ మాత్రం పొద్దుగూకేసరికి తెలుపు పక్షం వదిలేస్తుంది. బొగ్గును నల్ల బంగారం అనడం కూడా ఒక కవిసమయమే, విలేకరులది. బాయిల దిగేటోడు దాన్ని బొగ్గనే అంటడు.

వ్యాఖ్య

లాభాలు: లోకంలో లాభం షావుకారుది, జీతం పనివానిది. సింగరేణిలో లాభాలు బహువచనం, కార్మికునివి కూడా. సంస్థ ఏడాది లాభంలో ఇంత శాతమని పంచే వాటా. దీపావళి బోనస్ వేరు, ఇది వేరు. రెండూ ఒకటే అనుకునే చుట్టాలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, అప్పు అడగడానికి మాత్రం రెండుసార్లు వస్తారు.

2025 సెప్టెంబరు 22న ముఖ్యమంత్రి ప్రకటించిన లెక్క ఇది. 2024-25లో మొత్తం లాభం 6,394 కోట్లు. కొత్త పెట్టుబడులకని 4,034 కోట్లు పక్కన పెట్టగా మిగిలింది 2,360 కోట్లు. అందులో 34 శాతం కార్మికులకు. సగటున తలా 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికునికి 5,500.

ఇచ్చట శాస్త్రచర్చ గలదు. శాతం తీయవలసినది మొత్తం నుంచా, మిగిలినదాని నుంచా? మొత్తం నుంచి అని సంఘాల మతం, మిగిలినదాని నుంచి అని ప్రభుత్వ మతం. 34 అనే అంకె మీద ఇద్దరికీ తగాదా లేదు. 34 దేనిలో అన్నదే తగాదా. అద్వైత విశిష్టాద్వైతాలు వినీ వినీ అలసినవారు ఏ గని గేటు మీటింగుకైనా వెళ్లి దీన్ని వినవచ్చు, చాయ్ కూడా దొరుకుతుంది. ఇక 1,95,610కీ 5,500కీ నడుమ ఉన్న దూరాన్ని ఏ అలంకారం కింద చేర్చాలో వ్యాఖ్యాతకు తోచలేదు. ఇద్దరి మొహాన దుమ్ము ఒకటే.

సగటు అనునది ఎవరి ఖాతాలోనూ పడని మొత్తం. మస్టర్లు నిండినవానికి ఎక్కువ, నాగాలు పెట్టినవానికి తక్కువ. ఏడాది పొడుగునా డ్యూటీకే పోతున్నానని చెప్పి ఎటో పోయినవాని సంగతి ఇల్లాలికి ఈ వారంలోనే లెక్కతో సహా తెలుస్తుంది. కొన్ని ఇళ్లల్లో దసరా కన్నా ముందే రావణవధ జరగడానికి కారణం ఇదే.

పడ్తయట: ‘అట’ అన్నందున ఇది ప్రత్యక్షం కాదు, శబ్దప్రమాణం. ఎవరి శబ్దం? గని క్యాంటీన్ శబ్దం. నోటీసు బోర్డు మీదికి కాగితం రాకముందే అక్కడ తేదీ తెలిసిపోతుంది. ఒకటి కాదు, మూడు తేదీలు తెలుస్తాయి. వాటిలో ఒకటి నిజమవుతుంది. అది చెప్పినవాడు మరుసటి ఏడు దాకా పెద్దమనిషి.

సద్దులనాటికి: ఎంగిలిపువ్వుతో మొదలైన బతుకమ్మ తొమ్మిదో నాడు సద్దులతో ముగుస్తుంది. ఆ ఏడు అది సెప్టెంబరు 30. పిల్లల బళ్లకు 21 నుంచే సెలవులు గనుక వాళ్లకు అడ్డం లేదు. వాళ్ల నాయనకు ఆఫీసువాళ్లు ఇయ్యాలి. కోడలిది వేములవాడ. ఆ దిక్కున సద్దులు ఏడో నాడే. తల్లిగారింట్లో ఆడి వచ్చి అత్తగారింట్లో మళ్లీ ఆడితే ఒకే ఏడు రెండు సద్దుల బతుకమ్మలు. పండితులు దీన్ని పునరుక్తి దోషమంటారు. పెరుగుసద్ది, చింతపండుసద్ది, నువ్వులసద్ది రెండుసార్లు తిన్నవాళ్లెవరూ అనరు.

తంగేడు, గునుగు ఒకప్పుడు ఊరవతల బీళ్లలో అడిగేవాడు లేక పూసేవి. ఇప్పుడు ఊరవతల ఓపెన్‌కాస్టు, దాని పక్కన తవ్విపోసిన ఓబీ మట్టి గుట్ట. కాబట్టి సందేశకర్త చౌరస్తా దగ్గర బేరమాడి కట్టలు కొనుక్కొస్తాడు. ఇంట్లో గునుగు కొసలు సమంగా కోసి, బకెట్లో కలిపిన గులాబీ రంగులో, నీలం రంగులో ముంచి, పాత పేపర్ల మీద ఆరేస్తారు. ఆ బకెట్లోనే ఎవరో చూడక బనియన్ నానబెడతారు. ప్రతి ఏడూ పెడతారు. గోదావరిఖనిలో దసరా నాడు కొత్తంగీ సందులోంచి గులాబీరంగు బనియన్ కనబడితే ఆ ఇంట్లో ఆడపిల్లలున్నారని గ్రహించాలి.

రాండ్రి: తాత్పర్యము స్పష్టము.

గాంధీ జయంతి గలిసింది: 2025లో విజయదశమి అక్టోబరు 2న పడింది. ఏ రోజు మాంసం, మందు దుకాణాలు మూయాలో ఆ రోజే అవి లేక పండుగ నడవదు. ఇది విరోధాభాసం కాదు, అచ్చంగా విరోధమే. అయినా ‘గలిసింది’ అన్న మాటలో ఎవరి మీదా నింద లేదు. ఇంటికి ఒకే పూట ఇద్దరు పెద్ద చుట్టాలొచ్చారు, ఒకాయన తింటాడు, ఒకాయన తినడు, ఇద్దరినీ చూసుకోవాలె గద అన్నట్టున్నది.

యాట ముందుగాల్నే మాట్లాడిన: హైదరాబాదులో మటన్ కిలోల్లో కొంటారు. యాటను ఇళ్ల లెక్కన కొంటారు. క్వార్టర్ల లైనులో ఐదిళ్లవాళ్లు కూడితే ఒకటి. ‘మాట్లాడిన’ అంటే బేరం కుదిరింది, బయానా ఇచ్చిన, ఎవరెవరు కూడిండ్రో తేలింది అని మూడర్థాలు. మూడోదే కష్టం. పోయిన ఏడు బొక్కలెక్కువొచ్చినయని అలిగినాయన ఈ ఏడు కూడుతాడా లేదా అన్నది చివరి దాకా తేలదు.

ఇక్కడ మూలం చెప్పక విడిచినది కొంత చూపవలసి ఉన్నది. ఒకటో తారీకు పొద్దుగాల క్వార్టర్ల వెనక సందులో తాడిపత్రి పరిచిండ్రు. చింతమొద్దు మీద కొట్టుడు అయింది. మాంసం ఐదు పోగులు పెట్టిండ్రు. ప్రతి పోగులో కార్జం ముక్క పైకి కనబడాలె, లేకుంటే లేదనే లెక్క. తలకాయ, కాళ్లు ఈ లెక్కలోకి రావు, వాటి ఖరీదు వేరు. తరాజు ఉన్నది గాని దాని మాట మీద ఎవరికీ నమ్మకం లేదు. ఒకాయన ఈ పోగులోంచి ముక్క తీసి ఆ పోగులో వేస్తాడు, ఇంకొకాయన ఆ పోగులోంచి తీసి ఈ పోగులో వేస్తాడు, మొదట ఎట్లున్నయో అట్లయ్యేదాకా. అప్పుడు ఒక పిల్లవాణ్ణి గోడ దిక్కు మొహం పెట్టి నిలబెడతారు. పెద్దమనిషి ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవలకు?" అంటాడు. పిల్లవాడు చూడకుండా పేరు చెప్తాడు. ఇక దాని మీద అప్పీలు లేదు, కోర్టు లేదు.

ఆ ఏడు గోడ దిక్కు నిలబడ్డది కూకట్‌పల్లి మనవడు. ఇంగ్లీషు మీడియం, మూడో తరగతి. "ఇది ఎవలకు?" అంటే మొదటి నాలుగు పోగులూ "మా తాతకు" అన్నాడు. లైనులో దాని గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఒకటో తారీకు కోసినది రెండో తారీకు పండుగకు ఫ్రిజ్‌లో దాచాలని నిర్ణయం. దాచిండ్రు. సగం ఆ రాత్రే అయిపోయింది.

మందు విషయంలో మూలం మౌనంగా ఉన్నది. సందేశం పెట్టింది కోడలు కూడా ఉన్న ఇంటి గ్రూపులో గనుక ఆ మౌనం ఔచిత్యం.

నాకు సెకండ్ షిఫ్ట్: మూడింటి నుంచి రాత్రి పదకొండు దాకా. కొడుకు వచ్చేనాడు నాగా పెట్టవచ్చు గదా అని పూర్వపక్షం. పెట్టడు. దసరా ఒక్కనాడు జీతంతో సెలవు. దానికి ముందు ఒక్క మస్టరు పోయినా వచ్చే ఏటి లాభాల్లో కనబడుతుంది. అందువల్ల ఈ వాక్యానికి మొదటి వాక్యంతో అన్వయం.

బస్టాండుకు తమ్ముడొస్తడు: ఎవరి తమ్ముడు? కర్తకూ తమ్ముడున్నాడు, కొడుకుకూ ఉన్నాడు. శ్లేష అనుకుంటే ఇద్దరూ రావాలి. ఇద్దరూ రాలేదు, ఒకరొస్తారని ఒకరు ఊరుకున్నారు. చివరకు ఆటో.

జేబీఎస్ నుంచి రాజీవ్ రహదారి మీద ఐదు గంటల దారి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ దాకా టికెట్టు ఉచితం, సూపర్ లగ్జరీకి లేదు. కోడలు ఆధార్ కార్డు చూపి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చొని పోదామన్నది. పండుగ పూట ఎక్స్‌ప్రెస్ విషయంలో ‘కూర్చొని’ అన్న మాటకు వాచ్యార్థం కుదరదు.

జమ్మి తెల్లారి ఎల్లంపల్లికి పోదాం: జమ్మి ఆకు చేతిలో పెట్టుకొని బంగారమని పెద్దల కాళ్లు మొక్కిన మరునాడు అని అర్థం. ఎల్లంపల్లి అనగా గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు. 62 గేట్లు, 20 టీఎంసీల పైచిలుకు నీళ్లు. రాముని గుండాలకు పోదామని నాయనమ్మ పాఠాంతరం చెప్పింది గాని, గుట్ట ఎక్కలేనామె చెప్పిన పాఠమని దాన్ని ఎవరూ గ్రహించలేదు.

వింత ఏమంటే, హైదరాబాదుకు గోదావరి నీళ్లు పైపుల్లో పోయేది ఈ ఎల్లంపల్లి నుంచే. కూకట్‌పల్లిలో నల్లా తిప్పితే వచ్చేదాన్ని చూడడానికి కొడుకు బస్సెక్కి వచ్చి, నాయన బండి వెనక కూర్చొని పోయి, కట్ట మీద సెల్ఫీ దిగాడు. పిల్లలు నీళ్లు చూశారు, కోడలు మక్కకంకులు కాల్చే ఆమెతో బేరం చూసింది. సందేశకర్త పైకి చూశాడు. ఏ కప్పు కిందికి పోయినా ఆయన ముందు పైకే చూస్తాడు. గుడి మండపంలోనూ అంతే, ఫంక్షన్ హాల్లోనూ అంతే. కొడుకు పెళ్లి ఆల్బంలో సగం ఫొటోల్లో తలంబ్రాల వేళ ఆయన మొహం స్లాబు దిక్కున్నది.

ఛందస్సు: ఏదో ఒకటి ఉండే ఉంటుంది. షిఫ్టు వేళైనందున చూడలేదు.

డబ్బలు తెమ్మన్నది మీ అమ్మ: ఇంతవరకు కర్త స్వతంత్రుడు. ఈ వాక్యంలో మాత్రం ఆయన లేఖకుడు. ‘అమ్మ’ అనక ‘మీ అమ్మ’ అన్నందున, చెప్పినామె పక్కనే నిలబడి ఒకటికి రెండుసార్లు చెప్పిందనీ, ఇందులో తన పాత్ర ఏమీ లేదని ఆయన ముందే తెలుపుతున్నాడనీ ధ్వని. డబ్బలు అనగా స్టీలు డబ్బలు. సంక్రాంతికి సకినాలతో ఒకటి, గరిజెలతో ఒకటి, ఎండకాలం మామిడితొక్కుతో రెండు కూకట్‌పల్లికి పోయి తిరిగి రాలేదు. అటువంటివే కొనిపోయి ఇవే అంటే చెల్లదు. ప్రతి డబ్బ అడుగునా పేరు, తేదీ చెక్కించి ఉన్నాయి. ఒకదాని మీద ఉన్న తేదీ కొడుకు పుట్టిన తేదీ కన్నా పాతది.

కొడుకు తెచ్చినవి నాలుగు డబ్బలు, మూడు మూతలు. మూత లేని డబ్బ తెచ్చినా తేనట్టే అని అత్తగారి సిద్ధాంతం. దానికి కోడలు చెప్పిన ఖండన తిరుగు బస్సులో సుల్తానాబాదు దగ్గర మొదలై సిద్దిపేట దాటేదాకా నడిచింది.